ఊపిరి బిగబట్టు

పిల్లల్ని బల్లమీద పడుకోబెట్టేది నేను.
చదివేది ఆవిడ.
మధ్యలో గోడ, గోడలో సీసం,
సీసం నడుమ అరచేయంత గాజు.
తార్తూ ఆస్పత్రి నేలమాళిగలో
ముప్పై ఒక్క ఏళ్ళు అలాగే గడిచాయి
వైకే కాంగ్రో డాక్టరమ్మకూ నాకూ.

నాకు ముఖాలు తెలుసు.
ఒంటికన్ను కుందేలు బొమ్మను వదలనన్న పిల్ల,
బూట్లు విప్పనని భీష్మించిన వాడు,
నా చేతులు చల్లగా ఉన్నాయని తిట్టినవాడు.
ఆవిడకు లోపలంతా తెలుసు.
పేరు చెబితే కనుబొమలు ముడేస్తుంది.
గుర్రపు నాడాలా కలిసిపోయిన మూత్రపిండాలు అంటే చాలు,
"ఆఁ, రైనో! వాడి అమ్మమ్మ తోడొచ్చేది!"

మొదట్లో ఫిల్ములుండేవి.
ఎర్రదీపం కింద, పుల్లటి మందు వాసనలో
ఉతికిన బట్టల్లా క్లిప్పులకు వేలాడేవి
పసివాళ్ళ ఛాతీలు.
నీళ్ళు ఓడుతుండగానే చదివేసేది,
అవి ఆరేదాకా బయట కూర్చున్న తల్లులు ఆగలేరని.
ఇప్పుడు తెరలు.
డిసెంబరులో మూడున్నరకే చీకటి పడితే
ఊరు మొత్తమ్మీద
వెలిగే ఎముకలు ఆవిడ దగ్గరే.

కణితి బఠాణీ అంత అని రాసిన కుర్రడాక్టర్ల
చేతిమీద పెన్నుతో కొట్టేది.
"ఏ తోట బఠాణీ? మిల్లీమీటర్లు చెప్పు."
నీలం అట్ట నోటుపుస్తకాలు పదిహేడు.
ఒక్కో పేరు పక్కన అంకెలు దిగుతూ వచ్చేవి:
నలభై ఒకటి, ఇరవై ఆరు, తొమ్మిది.
సున్నా వచ్చిన రోజు
బడిపిల్లలా
పెద్దగా, గుండ్రంగా, దిద్ది దిద్ది రాసేది.

పద్నాలుగో పుస్తకంలో ఒక పేజీ మూల మడిచి ఉంటుంది.
నాలుగు మిల్లీమీటర్లు. రక్తనాళం అనుకుంది.
కాదు.
నేనా మడత విప్పలేదు, అడగలేదు.
ఏటా ఏప్రిల్‌లో, మంచు కరిగి
ఏరు ఒడ్డు దాటే రోజుల్లో ఒకనాడు
ఆవిడ భోజనానికి రాదు.
నేనే ఆవిడ సూపు మీద పళ్ళెం మూతపెట్టి ఉంచుతాను.

రాత్రుళ్ళు పరిశోధన.
జబ్బు పోయిన పిల్లల లోపలికి
మళ్ళీ మళ్ళీ తొంగిచూడటం వాళ్ళ కోసమా,
మన భయం కోసమా?
ప్రతి చూపుకూ కొంత కిరణం ఖర్చు,
ఆ అప్పు పిల్లల ఖాతాలోనే పడుతుంది.
రీగా నుంచి, కౌనస్ నుంచి
పార్సిళ్ళలో సీడీలు వచ్చేవి.
స్టాంపులు చింపి మా మేనల్లుడికి దాచేదాన్ని.
వాడికి మీసాలొచ్చాయి, లెక్క తేలలేదు.
పన్నెండో ఏట కాఫీ దగ్గర
దాల్చినచెక్క బన్ను నములుతూ అంది:
"తక్కువ చూడొచ్చు, ఇల్మె."
చూడటమే బతుకైన మనిషి.

పెద్ద సభలో ఎవరో లేచారట,
చూడకుండా ధైర్యం ఎలా వస్తుందని.
"కడుపు తడిమి చూడండి. తల్లిని అడగండి.
ధైర్యం గురించి నేను పేపరు రాయలేదు,"
అని కూర్చుందట.

పోయిన శుక్రవారం ఆఖరి రోజు.
కేకు తెచ్చారు, క్రీముతో అస్థిపంజరం వేయించి.
ఆవిడ కళ్ళజోడు సర్దుకుని లెక్కపెట్టింది.
ఎడమవైపు పదమూడు పక్కటెముకలు.
ఎక్కువైనదాన్ని వేలితో తీసి నాకేసింది.

జాబితాలో ఇంకో పేరు మిగిలింది.
పిరెట్, ఏడేళ్ళు, సున్నా వచ్చి మూడేళ్ళు.
పడుకోబెట్టాను. బల్ల లోపలికి జరగబోతోంది.
గోడకు ఇటువైపు ఎప్పుడో గానీ రాని మనిషి
తలుపు తోసుకుని వచ్చింది.
"పొద్దున అల్ట్రాసౌండ్ నేనే చేశాను. అది చాలు.
లే తల్లీ, బూట్లేసుకో."

అలవాటైన పిల్ల.
నేను చెప్పకముందే
బుగ్గలు పొంగించి ఊపిరి బిగబట్టి ఉంది.
ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం,
వదులు అని చెప్పాల్సింది మేమేనని మరిచి.

చివరికి తనే వదిలింది.
"కేకు వాసనొస్తోంది," అంది,
"మిగిలిందా?"